సన్నని నాళాల్లో చిచ్చు

ముక్కు దిబ్బడకు ఒక డాక్టరు, కీళ్లనొప్పులకు ఇంకో డాక్టరు, తగ్గని దగ్గుకు మరొకరు. ఈలోగా ఎవరూ చూడని చోట కిడ్నీలు దెబ్బతింటుంటాయి. వారాల్లో పట్టుకుంటే కాపాడుకోవచ్చు. నెలలు గడిస్తే డయాలసిస్సే.

ముందు ముక్కు దిబ్బడ. సైనస్ అనుకుని చుక్కల మందు వేసుకుంటారు. నెల తిరిగేసరికి ముక్కులోంచి రక్తం అంటిన పక్కులు వస్తుంటాయి. డాక్టరు యాంటీబయాటిక్ మారుస్తారు. తర్వాత మడమలూ మోకాళ్లూ పట్టేస్తాయి. ఎప్పుడో వచ్చిన చికున్‌గున్యా తాలూకు నొప్పులేమోనని సర్దిచెప్పుకుంటారు. సాయంత్రం జ్వరం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్లు తగ్గిపోవడం. ఒకరోజు దగ్గితే కళ్లెలో ఎర్ర చార. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు. మన దేశంలో ఆ మచ్చలు చూడగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టీబీయే. కళ్లె పరీక్షలో క్రిమి కనబడకపోయినా టీబీ మందులు మొదలవుతాయి. తగ్గదు. చివరికి కాళ్లు వాచి, వాంతులు పట్టుకుని ఎమర్జెన్సీకి తీసుకెళితే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎనిమిదో పదో ఉంటుంది. ‘ఇన్నాళ్లూ ఏం చేశారు? డయాలసిస్ పెట్టాలి’ అంటారు అక్కడి డాక్టరు.

ఇన్నాళ్లూ ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ఫైలు నిండా కాగితాలున్నాయి. సైనస్ స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే, కీళ్లవాతం పరీక్ష, మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ అన్నీ ఉన్నాయి. మూత్ర పరీక్ష కాగితం మాత్రం లేదు. మంట లేదు కదా, ఎందుకు చేయించాలో ఎవరికీ తోచలేదు. అందరి కథా ఇదే వరసలో నడవదు. కొందరికి ముక్కు జోలే లేకుండా నేరుగా కిడ్నీతో మొదలవుతుంది. కొందరికి పాదం పైకి లేవకపోవడంతో, కొందరికి కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడంతో, కొందరికి కాళ్ల మీద నొక్కినా పోని ఎర్రటి మచ్చలతో మొదలవుతుంది. వరస ఏదైనా, వేర్వేరు డాక్టర్ల దగ్గర వేర్వేరు జబ్బులుగా నడిచినవన్నీ ఒక్కటే జబ్బు. దాని పేరు వ్యాస్కులైటిస్. మన రోగనిరోధక వ్యవస్థే మన రక్తనాళాల గోడల మీద పడటం. అందులో అతి సన్నని నాళాలను పట్టే రకానికి కిడ్నీలంటే మరీ గురి.

కిడ్నీయే ఎందుకు?

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో కేశనాళికలు చుట్టచుట్టుకుని చిన్న ఉండలా ఉంటాయి. అదే గ్లోమెరులస్. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు నేరుగా కిడ్నీలకే పోతుంది. రోజు మొత్తం మీద ఈ ఉండల్లోంచి 180 లీటర్ల ద్రవం వడకట్టుకుని దిగితే, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్లి, ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికొస్తుంది. ఇంత రక్తం, ఇంత ఒత్తిడి, ఇంత పలచని గోడలు ఒకేచోట ఉన్నప్పుడు చిన్న నాళాల జబ్బు ఆ చోటును వదలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తెల్ల రక్తకణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. క్రిములను చంపే ఎంజైములు వాటి లోపలి సంచుల్లో ఉంటాయి. వాటిలో రెండింటి మీద, అంటే ప్రొటీనేజ్ 3, మైలోపెరాక్సిడేజ్ అనే వాటి మీద, కొందరి ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. వాటికే ఆంకా అని పేరు. ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ వచ్చి న్యూట్రోఫిల్స్ రెచ్చిపోయినప్పుడు ఆ ఎంజైములు కణం పైకి తేలతాయి. ఆంకా వచ్చి వాటిని పట్టుకుంటుంది. పట్టుకోగానే ఆ కణం రక్తనాళం గోడకు కరుచుకుని, సంచుల్లో ఉన్నదంతా అక్కడే కక్కేస్తుంది. గోడ చిరుగుతుంది. రక్తం, దానితోపాటు గడ్డకట్టించే ఫైబ్రిన్, గ్లోమెరులస్ చుట్టూ ఉన్న తొడుగులోకి చిమ్ముతాయి. దాంతో తొడుగు లోపలి కణాలు విపరీతంగా పెరిగి, నెలవంక ఆకారంలో కమ్ముకుని, మధ్యలో ఉన్న కేశనాళికలను నొక్కేస్తాయి. డాక్టర్లు క్రెసెంట్ అనేది దీన్నే. కొత్త క్రెసెంట్ మందులకు లొంగుతుంది. వారాలు గడిస్తే అదే మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందు వాడినా ఆ గ్లోమెరులస్ తిరిగి రాదు.

ఈ కుటుంబంలో ముఖ్యమైనవి మూడు. ముక్కు, చెవి, ఊపిరితిత్తులతోపాటు కిడ్నీని పట్టేది జీపీఏ. పాత ఫైళ్లలో దీని పేరు వెగెనర్స్. జర్మన్ పాథాలజిస్టు ఫ్రీడ్రిక్ వెగెనర్‌కు నాజీ పార్టీతో సంబంధం బయటపడ్డాక 2011లో ఆ పేరు మార్చారు. ఎక్కువగా కిడ్నీనీ ఊపిరితిత్తులనూ పట్టేది ఎంపీఏ. ఆస్తమాతో మొదలయ్యేది ఈజీపీఏ, ఇందులో కిడ్నీ దెబ్బ కొంత తక్కువ.

తెలుగునాట కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది, ఆ తర్వాత షుగరు, బీపీ. వాటికీ దీనికీ పోలిక లేదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కనిపించే జబ్బు ప్రధానంగా వడపోత తర్వాతి గొట్టాలనూ వాటి మధ్య కణజాలాన్నీ పాడుచేస్తుంది. మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, సాధారణంగా రక్తం కనబడదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. షుగరుతో వచ్చేదీ ఏళ్లు తీసుకుంటుంది. వ్యాస్కులైటిస్ అలా ఆగదు. దసరాకు బాగున్న మనిషిని సంక్రాంతికి డయాలసిస్ మంచం ఎక్కించగలదు. అయితే ఈ వేగంలోనే ఒక ఆశ కూడా ఉంది. మచ్చకట్టక ముందు పట్టుకుంటే వెనక్కి తిప్పగలిగిన కొద్దిపాటి కిడ్నీ జబ్బుల్లో ఇదొకటి. ఏళ్లకేళ్లు కుంగిన కిడ్నీని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వారాల కిందట మొదలైన మంటను మాత్రం ఆర్పగలరు.

సీయూఈలో చూడాల్సిన గళ్లు

మన ల్యాబుల్లో మామూలు మూత్ర పరీక్షను సీయూఈ అంటారు. ఏ చిన్న ఊళ్లోనైనా చేస్తారు, ఖర్చు నామమాత్రం. రిపోర్టులో పైన రంగు, కింద ఆల్బుమిన్, షుగరు, చివర సూక్ష్మదర్శినిలో కనిపించిన చీము కణాలు, ఎపితీలియల్ కణాలు, ఎర్ర కణాలు, కాస్ట్‌లు. మనవాళ్లు షుగరు గడీ చీము కణాల గడీ చూసి కాగితం మడిచేస్తారు. ఈ జబ్బు రాసి ఉండేది ఆల్బుమిన్ గడిలో, ఎర్ర కణాల గడిలో. ఎర్ర కణాలు అసలు లేకుండానో ఒకటీ రెండో ఉండాల్సిన చోట ఇరవై ముప్పై అని రాసి, ఆల్బుమిన్ పక్కన రెండు ప్లస్‌లుంటే ఆ కాగితం పట్టుకుని ఆరోజే క్రియాటినిన్ చేయించుకోవాలి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, నురగ పోకుండా నిలిచిపోతున్నా అంతే. కానీ ఎక్కువమందికి రంగు మారదు. కంటికి తేటగా కనిపించే మూత్రంలోనే రక్తకణాలు పోతుంటాయి. అందుకే చూసి నిర్ణయించుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్లు నెలసరి రోజులు తప్పించి ఇవ్వాలి.

ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్ పనితనం ఎంతో విలువైనది. మూత్రం తాజాగా ఉండాలి. ఇచ్చిన గంట రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన బొట్టును గాజుపలక మీద వేసి చూడాలి. కిడ్నీలో రాయి వల్లో మూత్రాశయం నుంచో వచ్చిన ఎర్ర కణాలు గుండ్రంగా ఒకే తీరున ఉంటాయి. చిరిగిన గ్లోమెరులస్ గోడల్లోంచి నలిగి దూరి వచ్చినవి వంకర్లు తిరిగి, అంచున బుడిపెలతో ఉంటాయి. కొన్నిసార్లు అవన్నీ సన్నని గొట్టాల్లో అచ్చుపోసుకుని, పొడవాటి ఎర్రటి ముక్కలుగా బయటికొస్తాయి. రెడ్ సెల్ కాస్ట్‌లంటే ఇవే. ఇవి కనబడ్డాయంటే గ్లోమెరులస్ మండుతోందనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం మూత్రంలో దొరకదు. పొద్దున ఇచ్చిన సీసా మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉండిపోతే ఇవి కరిగిపోతాయి. అందుకే అనుమానం వస్తే కొందరు నెఫ్రాలజిస్టులు తాజా మూత్రం తెప్పించుకుని తామే సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటారు. ఆ పది నిమిషాలు రోగికి ఏళ్ల జీవితాన్ని మిగల్చవచ్చు.

క్రియాటినిన్ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. రిపోర్టులో 1.4 అని ఉంటుంది. నార్మల్ 1.2 దాకా కదా, కొంచెమే ఎక్కువని వదిలేస్తారు. అదే మనిషికి నిరుడు 0.7 ఉండి ఉంటే, ఈ ఏడాదిలో కిడ్నీల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయిందని అర్థం. సన్నగా, కండ తక్కువగా ఉన్న పెద్దవాళ్లలో ఈ అంకె మరీ మోసం చేస్తుంది. పాత రిపోర్టులు పారేయొద్దని పెద్దాస్పత్రుల్లో పదే పదే చెప్పేది ఇందుకే. ఒక అంకె కంటే రెండు అంకెల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది.

ముక్క తీయడమంటే భయం

మూత్రంలో రక్తం, ప్రొటీన్ కనబడి, క్రియాటినిన్ పెరుగుతుంటే ఆంకా రక్తపరీక్ష పంపుతారు. అది పాజిటివ్ రావడం ఒక్కటే సరిపోదు. టీబీలోనూ, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లోనూ, కొన్ని మందుల వల్లా ఆంకా పాజిటివ్ రావచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ అనలేం. కిడ్నీలో ఇదే తరహా దెబ్బ ఉన్నవాళ్లలో సుమారు పది శాతం మందికి ఆంకా కనబడదు. నిక్కచ్చిగా తేల్చేది బయాప్సీ.

మన ఇళ్లలో ఇక్కడే రోజులు పోతాయి. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందనీ, ఉన్న కిడ్నీ కాస్తా పోతుందనీ భయం. ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తామండీ అని వెళ్లినవాళ్లు మూడు వారాల తర్వాత ఆయాసంతో తిరిగొస్తారు. నిజానికి జరిగేది ఇది. బోర్లా పడుకోబెట్టి, నడుము పక్కన మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెరపై కిడ్నీని చూస్తూ, ఊపిరి బిగబట్టమని చెప్పి స్ప్రింగ్ సూదితో రెండు ముక్కలు తీస్తారు. ఒక్కోటి మిల్లీమీటరు మందం, సెంటీమీటరు పైచిలుకు పొడవు. ఆ తర్వాత కొన్ని గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. పోసిన మూత్రాన్ని వరసగా సీసాల్లో పట్టి రంగు చూస్తారు. కొందరికి ఒకటి రెండుసార్లు ఎర్రగా వచ్చి తేటపడుతుంది. పెద్ద రక్తస్రావం అరుదు. దాన్ని నివారించేందుకే ముందుగా బీపీ అదుపులోకి తెస్తారు, రక్తం పలచబరిచే మాత్రలు ఆపిస్తారు.

ఆ ముక్కల్లో ఒకదాన్ని మెరిసే రంగు అద్దిన యాంటీబాడీలతో పరీక్షిస్తారు. లూపస్‌లో గ్లోమెరులస్ అంతటా వెలుగులు. యాంటీ జీబీఎం అనే మరో జబ్బులో గోడ వెంబడి సన్నని వెలుగు గీత. ఆంకా వ్యాస్కులైటిస్‌లో దాదాపు చీకటి. పక్క పలకలో చూస్తే క్రెసెంట్లు. ఎన్ని గ్లోమెరులస్‌లలో కొత్త క్రెసెంట్లున్నాయి, ఎన్నింటిలో మచ్చకట్టాయి, ఎన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయి అన్న లెక్కే కిడ్నీ ఎంతవరకు కోలుకుంటుందో చెబుతుంది. రక్తపరీక్షలేవీ ఈ మాట చెప్పలేవు. అలాగని ఊపిరితిత్తుల్లోంచి రక్తం కారుతుంటే బయాప్సీ కోసం ఆగరు, మందు ముందు మొదలుపెడతారు. దగ్గులో రక్తం పెద్దగా లేకపోయినా, హఠాత్తుగా ఆయాసం వచ్చి హిమోగ్లోబిన్ రెండు మూడు రోజుల్లో పడిపోతే అది ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కావచ్చు. అప్పుడు గంటలే లెక్క.

అయిదు నెలల ఆయుష్షు

ఈ జబ్బుకు మందు లేని కాలం మరీ పాతదేం కాదు. 1958లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం వెగెనర్స్ అని తేలినవాళ్లు సగటున అయిదు నెలలే బతికారు. ఏడాది తిరిగేలోపు పదిమందిలో ఎనిమిది మంది పోయారు. ఆ రాత మార్చినవాళ్లలో ఒకరు మనవాళ్లకు కొవిడ్ కాలంలో టీవీల్లో బాగా పరిచయమైన ఆంథోనీ ఫౌచీ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేస్తూ, క్యాన్సర్ మందైన సైక్లోఫాస్ఫమైడ్‌ను తక్కువ మోతాదులో స్టెరాయిడ్‌తో కలిపి రోజూ ఇచ్చే పద్ధతిని ఆయన, షెల్డన్ వోల్ఫ్ 1970లలో స్థిరపరిచారు. 1983లో ఆ బృందం 85 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో 93 శాతం మందిలో జబ్బు పూర్తిగా సద్దుమణిగింది. కొవిడ్‌కు చాలాముందే ఆ పేరు వైద్య చరిత్రలోకి ఎక్కింది ఈ పనితోనే.

చిత్రమేమిటంటే అప్పటికింకా ఆంకా సంగతి సరిగ్గా తెలియదు. 1982లో ఆస్ట్రేలియాలో ఎనిమిది మంది కిడ్నీ రోగుల్లో ఈ యాంటీబాడీలు కనబడితే, దోమల ద్వారా వచ్చే ఏదో వైరస్ కారణమేమోనని అనుమానించారు. వెగెనర్స్‌తో దానికి ఉన్న ముడిని 1985లో నెదర్లాండ్స్, డెన్మార్క్ పరిశోధకులు విప్పిచెప్పారు.

సైక్లోఫాస్ఫమైడ్ ప్రాణం నిలిపింది కానీ ఊరికే నిలపలేదు. తెల్లకణాలు పడిపోవడం, మూత్రాశయంలో రక్తస్రావం, ఏళ్ల తర్వాత మూత్రాశయ క్యాన్సర్, సంతానం కలగకపోవడం దాని వెంట వచ్చాయి. పెళ్లికాని పిల్లలకూ, పిల్లలు కావాలనుకునే దంపతులకూ మందు మొదలుపెట్టే ముందే వీర్యం, అండాలు భద్రపరచుకునే సంగతి చెప్పాలి. హడావుడిలో ఈ మాట చాలాసార్లు మరుగున పడుతుంది. డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

2010లో వచ్చిన రెండు అధ్యయనాలు రిటుక్సిమాబ్ కూడా అంతే సమర్థంగా జబ్బును అణచగలదని చూపాయి. యాంటీబాడీలకు మూలమైన బి కణాలను తుడిచిపెట్టే ఇంజెక్షన్ అది. దీని ధర ఒకప్పుడు సామాన్యుడికి అందనంత దూరం. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో దాని బయోసిమిలర్‌ను విడుదల చేశాక దేశంలో ఆ దూరం తగ్గడం మొదలైంది. ఇంకో తెలుగు ముడి కూడా ఉంది. కిడ్నీ దెబ్బతినని తేలికపాటి జీపీఏలో వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం కృషి ఫలితం. కిడ్నీ పాడైనవాళ్లకు మాత్రం అది పనికిరాదు, ఒంట్లో పేరుకుపోయి ప్రమాదం తెస్తుంది.

ఇప్పటి చికిత్స రెండు అంచెల్లో సాగుతుంది. మొదట మంట ఆర్పడం. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్ ద్వారా, ఆపైన మాత్రలు, దానితోపాటు రిటుక్సిమాబ్ గానీ సైక్లోఫాస్ఫమైడ్ గానీ. తర్వాత మళ్లీ రాజుకోకుండా కాపాడటం. అజాథియోప్రిన్ మాత్రలు, లేదా ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్, కనీసం ఏడాదిన్నర రెండేళ్లు. ప్లాస్మా మార్చడం మీద ఒకప్పుడు గొప్ప ఆశలుండేవి. 704 మందితో జరిగిన పెక్సివాస్ అధ్యయనం 2020లో దాని వల్ల మరణాలూ డయాలసిస్సూ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదని తేల్చింది. ఎంపిక చేసిన కొందరికే ఇప్పుడు వాడుతున్నారు. ఆ అధ్యయనంలో మన దేశానికి ఇంకా పనికొచ్చే మాట ఒకటుంది. స్టెరాయిడ్ మోతాదును త్వరగా తగ్గించుకొచ్చినా ఫలితం తగ్గలేదు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. మొదటి ఏడాదిలో ఈ రోగుల ప్రాణాలు తీయడంలో ఇన్‌ఫెక్షన్ల వాటా జబ్బు వాటా కంటే తక్కువేం కాదు. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న చోట అనవసరంగా ఇచ్చిన ప్రతి స్టెరాయిడ్ మాత్రా లెక్కలోకొస్తుంది. అందుకే మందుకు ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు, ఊపిరితిత్తుల్లో న్యుమోసిస్టిస్ ఇన్‌ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తారు.

ఎవరికి వస్తుంది?

ఎక్కువగా యాభై దాటినవాళ్లకు. కానీ ఏ వయసువాళ్లనైనా పట్టవచ్చు. అంటువ్యాధి కాదు, తిండి వల్ల వచ్చేదీ కాదు. రాతి ధూళిలోని సిలికాకు దీనితో సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. 1995లో జపాన్‌లోని కోబె భూకంపం తర్వాత అక్కడ ఈ కేసులు పెరిగాయని గమనించారు, కూలిన కట్టడాల ధూళిని అనుమానించారు. చీమకుర్తిలోనో కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనో, క్రషర్ దగ్గరో పనిచేసేవాళ్లు తగ్గని జ్వరంతో వెళ్లినప్పుడు చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్‌కు వాడే ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకి వాడే హైడ్రాలజిన్ కూడా కొందరిలో ఈ జబ్బును లేపుతాయి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మంచి అలవాటు. కీళ్లనొప్పులకు మందుల షాపులో కొని మింగే నొప్పి బిళ్లలు ఈ జబ్బుకు మూలం కాకపోయినా, అప్పటికే మండుతున్న కిడ్నీని ఇంకా దిగజారుస్తాయి.

పిల్లల్లో వచ్చే చిన్న నాళాల వ్యాస్కులైటిస్ వేరు. కాళ్ల మీదా పిరుదుల మీదా ఉబ్బెత్తు ఎర్ర మచ్చలు, కడుపునొప్పి, కీళ్లవాపు. ఐజీఏ వ్యాస్కులైటిస్ అంటారు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. మచ్చలు మాయమయ్యాక కూడా ఆరు నెలల పాటు మధ్యమధ్య మూత్ర పరీక్ష, బీపీ చూపించడం మానకూడదు. కిడ్నీ దెబ్బ ఆలస్యంగా బయటపడేది ఇందులోనే.

పెద్దవాళ్ల విషయానికొస్తే, జబ్బు ఒకసారి అణిగిందంటే అయిపోయినట్టు కాదు. అయిదేళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి తిరగబెడుతుంది. బాగున్నామని మాత్రలు మానేసి ఏడాది తర్వాత రెండోసారి వచ్చినవాళ్లకు మొదటిసారి మిగిలిన కిడ్నీలో మళ్లీ కొంత పోతుంది. డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. చికిత్సతో కొందరు దాన్నుంచి బయటపడతారు. బయటపడనివాళ్లకు జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉంటే కిడ్నీ మార్పిడి చేయవచ్చు, కొత్త కిడ్నీలో ఇది తిరగబెట్టడం తక్కువ. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లో నెఫ్రాలజీ విభాగాలున్నాయి. స్థోమత లేదని చూపించుకోకుండా ఉండిపోవద్దు.

చివరగా ఆరోగ్యశాఖకూ, టీబీ కార్యక్రమం నడిపేవారికీ ఒక విన్నపం. కళ్లెలో క్రిమి దొరకకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టే ప్రతి రోగికీ, అదే రోజున ఒక మూత్ర పరీక్ష, ఒక క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి చేయండి. కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త నిధులూ పెద్దగా అక్కర్లేదు. ఒక్క ఉత్తర్వు చాలు.